చేతులు మారిన పాట

చారులో ఇంగువ వేశావా లేదా అన్న దగ్గర గొడవ మొదలవుతుంది. వేశానని వకుళ అంటుంది. వాసన తగలడం లేదని భర్త శేషగిరి అంటాడు. మూత తీసి చూడమని ఆమె, మూత తీస్తే ఉన్న కాస్త వాసనా పోతుందని ఆయన. "పోపులోనే వేశానండీ, మీ కళ్ళముందే వే" అన్నంతవరకు వచ్చి, వకుళకి గొంతు అయిపోతుంది. డబ్బాలో పంచదార అయిపోయినట్టు అయిపోతుంది. అడుగున గరగరమంటూ ఏదో కాస్త మిగులుతుంది.

"అయిపోయిందా?" అంటాడు శేషగిరి, గొడవ అక్కడితో ఆపి.

ఆమె తలూపుతుంది.

"చూసి వాడుకోవే అంటే విన్నావు కాదు," అంటుంది అత్తగారు, సాయంత్రం పేరంటానికి నానబెట్టిన శనగలు వేళ్ళతో తడిమి చూస్తూ. "పొద్దున్నే ఆ పూలమ్మాయితో అంతసేపు బేరమెందుకు? మూరెడు తక్కువిస్తే ఇచ్చింది."

పాట బయటికి వచ్చినప్పటి నుంచీ వకుళ గొంతు తగ్గుతూనే ఉంది. ఏలూరు కాలేజీలో బి.ఏ. చదివే రోజుల్లో తనే కట్టుకుని పాడుకున్న పాట అది, ఆరేసిన చీర మీద వాన పడడం గురించి. బెజవాడలో ఒక కంపెనీ దాన్ని శ్రావణం ముందు చిన్న గ్రామఫోను డిస్కుగా వేసింది. పాట ఒకవైపే ఉంది. రెండోవైపు వాన వెలుస్తుంది. షరతు ఒక్కటే. డిస్కు అమ్ముడైనప్పుడల్లా చిటికెడు గొంతు కంపెనీకి వెళ్తుంది. పాట అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైతే మిగిలినదంతా వెళ్తుంది. సంతకం పెట్టిన రోజు వకుళ పెద్దగా ఆలోచించలేదు. ఎవరు కొంటారులే అనుకుంది.

కొంటున్నారు. పాట ఎన్నో స్థానంలో ఉందో తెలియాలంటే డాబా మెట్లు చూస్తే చాలు. పాట తడిసిన పిల్లి అంత ఉంటుంది. మొదట అట్టడుగు మెట్టు మీద కూర్చుంది. రోజుకో మెట్టు ఎక్కుతోంది. అది వదిలేసిన మెట్టు ఇక ఉండదు. బట్టలు ఆరేయడానికి శేషగిరి కుర్చీ వేసుకుని, పాటని పక్కకి జరగమని చెప్పి, పైకి ఎక్కుతున్నాడు. దానికి ఇంక ఒక్క మెట్టే మిగిలింది.

పాడలేకపోతానన్నది కాదు వకుళ భయం. పాడి ఎన్నాళ్ళో అయింది. అత్తగారికి చూపు ఆనదు. కోడలు ఏ గదిలో ఉందో మాటని బట్టే పోల్చుకుంటుంది. మాట తగ్గినప్పటి నుంచి ఆవిడ ఖాళీ గదుల్లోకి వెళ్ళి "వకుళా" అని పిలుస్తోంది. ఒకటి రెండు గదులు "ఆ, అత్తయ్యా" అని పలుకుతున్నాయి కూడా. గొంతు మొత్తం పోతే ఈ ఇంట్లో తన చోటు ఆ గదులదే అవుతుందని వకుళకి తెలుసు.

వంటలు దించేవేళకి కంపెనీ తరఫున కొలతల ఆయన వస్తాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, నీడని వాటి మీద మడతపెట్టి లోపలికి వస్తాడు. భుజాన సంచిలో ఇత్తడి గిద్ద, సోల, తవ్వ, మానిక ఉన్నాయి. చంకలో గుడ్డ చుట్టిన బంగారు పళ్ళెం. పళ్ళెం మీద వకుళ పేరు చెక్కారు. పేరు కింద నిమ్మకాయ పట్టేంత గుంట ఉంది.

"గొంతు ఇందులో కూర్చుంటుందండి," అని శేషగిరి చేతికిచ్చి చూపిస్తాడు. "చాలా మర్యాదగా చూసుకుంటాం. ఏసీ గదిలో గోడకి తగిలిస్తాం."

"మాట్లాడుతుందా?" అంటుంది అత్తగారు.

"పెద్దవాళ్ళెవరైనా వస్తే నమస్కారం చెబుతుందండి."

శేషగిరి పళ్ళెం వెనక్కి ఇచ్చేస్తాడు. "ఇన్ని అమ్ముడయ్యాయని ఎలా తేల్చారు? బజారంతా తిరిగాను, ఒక్క దుకాణంలోనూ నాకు ఈ డిస్కు కనపడలేదే."

"ఒక్కో ఊళ్ళో ఒక్కో పద్ధతండి. కొన్నిచోట్ల దుకాణానికి పంపినవన్నీ అమ్మినట్టే, తిరిగొచ్చినా సరే. కొన్నిచోట్ల కొన్నవాడు చిల్లర పుచ్చుకుని గడప దాటితేగానీ ఒప్పుకోరు. ఈమధ్య వినడం కూడా కలుపుతున్నారు. ఇంతమంది వింటే ఒకళ్ళు కొన్నట్టు. నిద్రలో విన్నవాళ్ళని సగం వేస్తారు."

"మరి మీ పద్ధతి?"

"నేను ఎవరి మాటా నమ్మనండి. కళ్ళతో చూస్తాను. డిస్కు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్తే ఒక అమ్మకం. మీ ఊళ్ళో ఈ పాట మారినన్ని చేతులు ఇంకేదీ మారలేదు. శుక్రవారం వచ్చిందంటే కొలవలేక నా రెక్కలు పడిపోతున్నాయి."

శుక్రవారం అనగానే వకుళ ఆయన వైపు తిరుగుతుంది.

అప్పుడే ఎదురింటి సుభాషిణి పసుపు, కుంకుమ పట్టుకుని వస్తుంది. "సాయంత్రం మాకు కుదరదు పిన్నిగారూ, అందుకే ఇప్పుడే ఇచ్చేసి పోదామని. రా వకుళా, బొట్టు పెడతాను." బొట్టు పెట్టి, కొంగు పట్టమని తాంబూలం ఇస్తుంది. ఆకులు, వక్కలు, అరటిపండ్లు, గుప్పెడు శనగలు, జాకెట్టు ముక్క. దాని కింద ఒక డిస్కు.

"చూశారా, ఇంకొకటి," అంటాడు కొలతల ఆయన సంతోషంగా. వకుళ మెడ దగ్గర గాలిలోంచి గిద్దతో కాస్త ముంచుకుంటాడు. మెట్ల మీద పాట ముందుకాళ్ళు రెండూ ఆఖరి మెట్టు మీద ఆనిస్తుంది.

వకుళ డిస్కు తిప్పి చూస్తుంది. జాకెట్టు ముక్కల విషయంలో ఈ వీధి ఆడవాళ్ళకి ఒక ఏర్పాటు ఉంది. పేరంటంలో వచ్చిన ముక్కని ఎవరూ కుట్టించుకోరు. బీరువాలో దాచి ఇంకో పేరంటంలో ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇచ్చినవాళ్ళకే తిరిగి ఇచ్చి నవ్వులపాలు కాకుండా, ప్రతి ఇంటివాళ్ళూ అంచున తమ రంగు దారంతో ఒక కుట్టు వేస్తారు. ఈ డిస్కు అట్ట అంచు చుట్టూ కుట్లే ఉన్నాయి. మొదటిది మెంతిరంగు, వకుళదే. కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిన కాసిని డిస్కుల్ని మొదటి శుక్రవారం తాంబూలాల్లో పెట్టి పంచింది తనే. అట్ట మూతికి అంటించిన కాగితం చెక్కుచెదరలేదు. ఎవరూ విప్పలేదు.

గొంతు అడుగున ఒకటి రెండు మాటలకి సరిపడా ఉంది. వకుళ డిస్కుని అత్తగారి చేతుల్లో పెట్టి, ఉన్నదంతా ఖర్చు పెట్టేస్తుంది.

"కుట్లు తడమండి."

కొలతల ఆయన మళ్ళీ గిద్ద అందుకోబోతాడు. అత్తగారు ఆగమన్నట్టు చెయ్యి చూపించి, అట్ట అంచున వేళ్ళు పోనిస్తుంది.

"ఇది సుభాషిణిది, లావు కుట్టు. ఇది పక్కింటి మేడమీద వాళ్ళది. ఇది డాక్టరుగారి భార్యది, ఎప్పటిలా సగంలో వదిలేసింది. మళ్ళీ మేడమీద వాళ్ళదే." ఆవిడ తల ఎత్తుతుంది. "ఏం నాయనా, ఒక్క జాకెట్టు ముక్క వీధంతా తిరిగితే, వీధంతా జాకెట్లు కుట్టించుకున్నట్టా?"

"కాదండి."

"మరి ఇదో?"

కొలతల ఆయన డిస్కు చేత్తో తీసుకోవడానికి జంకుతాడు. వంగి చూస్తాడు. కాగితం చూస్తాడు.

"నాకు వినాలనే ఉంది వకుళా," అంటుంది సుభాషిణి. "విప్పేస్తే మళ్ళీ ఇంకొకళ్ళకి ఇవ్వడానికి బావుండదు కదా, అందుకని."

"అయితే మొత్తం ఎన్ని అమ్ముడైనట్టు?" అంటాడు శేషగిరి.

"ఏమీ అమ్ముడవలేదండి. ఇది అమ్మకం కాదు. తిరుగుడు."

వకుళ భుజాల మీద నుంచి నీళ్ళకాగు దించినట్టు ఉంటుంది. ఎవరూ వినలేదన్న చిన్నతనం ఒకటి ఉంది గానీ, అది శనగబద్దంత. దాన్ని ఆమె తర్వాత చూసుకోవచ్చు.

కొలతల ఆయన న్యాయమైన మనిషి. వకుళని పీట మీద కూర్చోమని, తెచ్చిన గొంతంతా తిరిగి పోస్తాడు. మానికతో మొదలుపెట్టి గిద్దతో ముగిస్తాడు. మజ్జిగలా చల్లగా దిగుతుంది. రెండు చుక్కలు నేల మీద ఒలికి, పీట కింద నుంచి "జాగ్రత్త, జాగ్రత్త" అంటాయి. బంగారు పళ్ళెం మీద పేరు పూడుకుపోతుంది. పాట వెనక్కి తిరిగి, కాలు పెట్టిన చోటల్లా ఒక మెట్టు వస్తుంటే, మెల్లగా కిందికి దిగుతుంది.

"అందరూ భోజనం చేసి వెళ్ళండి," అంటుంది వకుళ. ఖాళీ గదులు పలకడం మానేస్తాయి. అత్తగారు తడుముకోకుండా తిన్నగా వంటింటి గుమ్మం వైపు వస్తుంది.

ఆకులు వేస్తారు. కొలతల ఆయనా, సుభాషిణీ కూడా కూర్చుంటారు. శేషగిరి చారు రెండోసారి పోయించుకుంటాడు.

"నేనొకటి అనుకున్నాను," అంటుంది వకుళ, నెయ్యి వడ్డిస్తూ. చేతులన్నీ ఆగుతాయి. "ఈ పాట ఇంక చేతులు మారదు. ఎవరికీ పంచను, ఎవరికీ అమ్మను. అట్ట మూతికున్న ఈ కాగితం నేనే చింపుతున్నాను. వినాలనుకున్నవాళ్ళు మనింటికి రావాలి."

"అలాగైతే నేనెలా కొలవాలండి?" అంటాడు కొలతల ఆయన.

"ముందు బూరె తినండి," అంటాడు శేషగిరి.

వకుళ కాగితం చింపి, డిస్కుని అట్టలోంచి తీసి అత్తగారి ఆకు పక్కన పెడుతుంది. పైకి ఎన్నో గీతలున్నట్టు కనిపిస్తుంది గానీ, డిస్కు మీద ఉండేది ఒకే గీత, అంచు నుంచి నడుమకి చుట్టుకుంటూ పోతుంది. అత్తగారి వేలికి దాని కొస దొరుకుతుంది. ఆవిడ దాన్ని పూలదారంలా లాగుతుంది. గీత ఊడి వచ్చి, ఆకుల మధ్య నుంచి గుమ్మం దాటి వీధిలోకి పోయి, ఎక్కడో బిగుసుకుంటుంది. ఆవిడ ఇంకాస్త గట్టిగా లాగుతుంది.

వీధి చివర డాక్టరుగారి మేడ కదులుతుంది. కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నట్టు పునాదులు కాస్త పైకి పట్టుకుని, తడి నేల మీద అడుగు చూసి వేసుకుంటూ బయల్దేరుతుంది. దాని వెనక పెంకుటిళ్ళు, వాటి వెనక అపార్టుమెంటు, కిటికీలన్నీ తెరుచుకుని, ఒకదాన్నొకటి తోసుకోకుండా వస్తున్నాయి. వకుళ చెంబు, నీళ్ళ బిందె తెచ్చుకుని, వచ్చే ఇళ్ళ కాళ్ళకి నీళ్ళు ఇవ్వడానికి గుమ్మంలో నిలబడుతుంది.