పెద్ద ఈరన్న పెట్టిన కట్టు

ఆ కరువు ఏడాది ఓర్వకల్లు పక్కన ఒక ఊరికి మిగిలింది ఒక్క మంచినీళ్ల బావి. పశువులకు ఆ నీళ్లు పోయకూడదని, పోసిన మనిషిని వాన పడేదాకా బావి దగ్గరికి రానివ్వకూడదని, ఎవరూ గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వకూడదని కట్టు పెట్టినవాడు పెద్ద ఈరన్న. ఊరి నడుమ బొడ్రాయి మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. ధర్మం తెలిసిన మనిషి అంది ఊరు. ఆ మాటంటే ఈరన్నకు ప్రాణం. తిండి లేకపోయినా ఆ మాట మీద బతకగలడు.

ఎండలు ముదిరేసరికి ఆయన ఎద్దు పడుకున్నచోటి నుంచి లేవలేకపోయింది. కర్నూలు సంతలో జనం నోరు తెరుచుకుని చూసిన ఎద్దు. భార్య భీమక్కను పిలిచి, "ఎట్లన్నా బతికించు. అది సస్తే నా మొగం సూడొద్దు" అన్నాడు. బావిలో తప్ప ఎద్దుకు చాలేన్ని నీళ్లు ఎక్కడా లేవని ఆయనకు తెలుసు. ఎట్లా అని ఆమె అడగలేదు, ఈయన చెప్పలేదు. గడుసువాడు.

ఆ వారంలోనే ఈరన్న ఎద్దు ముందర తొట్టిలో నీళ్లు పొరుగింటి నాగక్క కంటపడ్డాయి. భీమక్క మీద పంచాయతీ కూడింది. బొడ్రాయికి మొక్కి తప్పయిందంటే చాలు, వదిలేద్దామని ఊరివాళ్లే అన్నారు. భీమక్క మొగుడి వంక చూసింది. పోయమన్నది నేనే అని ఆయన ఒక్క మాటంటే ఆమె బయటపడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఊరి కళ్లన్నీ తన మీదే ఉన్నాయి.

"నా పెండ్లామని ఇడిసిపెడితే కట్టు యాడుంటాది?" అన్నాడు.

ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. భీమక్క ఏడవలేదు. రోజూ కడవ పట్టుకుని దూరాన ఎండిన వంకకు పోయి, ఇసుకలో చెలమ తవ్వుకుని ఊరిన చారెడు తాగేది. ఇంట్లో ఈరన్న బావినీళ్లు తాగేవాడు. మొదట్లో గొంతు దిగలేదు, తర్వాత దిగాయి. ఒక మధ్యాహ్నం ఆమె చెలమ పక్కనే ఎండకు పడిపోయింది. మోసుకొచ్చేసరికి ప్రాణం లేదు. గోళ్లనిండా ఇసుక.

శవాన్ని చూడగానే ఈరన్న కుప్పకూలాడు. "ఆయమ్మ తప్పేం లేదప్పా. ఎద్దును బతికించమని నేనే చెప్పినా. నేనే సంపినా" అన్నాడు.

ఊళ్లోకెల్లా పెద్దవాడు శేషన్న కళ్లు తుడుచుకున్నాడు. "పెండ్లాం తప్పు గూడ తన నెత్తినే ఏసుకుంటాండాడు. ఇట్లాంటి మనిషి ఇంగ పుట్టడు."

నేనే, నేనే అని ఈరన్న గుండెలు బాదుకున్నాడు. బాదుకునేకొద్దీ జనం చేతులెత్తి మొక్కారు.

దినాలు కాకముందే పొలంగట్టు తగాదా పెట్టుకుని ఇద్దరు రైతులు ఆయన వాకిట్లో కూర్చున్నారు. నువ్వేం చెప్తే అదే అన్నారు. ఈరన్న భుజం మీద టవలు సర్దుకుని బయటికొచ్చాడు.