ఆవుకి కట్టిన పళ్లసెట్టు

పళ్లసెట్లు కట్టడంలో ఆయనది చెయ్యి తిరిగిన పనితనం. అయితే పని ఎంత బాగా కుదిరితే అంతగా ఎవరి కంటా పడేది కాదు. అవి సొంత పళ్లే అనుకునేవారు. ఆ కడుపుమంటతోనే ఆయన దుకాణం మూసి ఇంట్లో కూర్చున్నాడు. అందుకే మ్యూజియంలో జంతువుల గది చూసుకునే కూతురు, "నాన్నా, పిల్లలకి చూపించడానికి జంతువుల నోళ్లు చేసిపెడతావా?" అనగానే ఎగిరి గంతేశాడు. ఒక్కసారైనా జనం ఆగి తన పని చూడాలి!

కూతురు తెచ్చిన ఫొటోలు చూసి కుక్కకి మాంసం చీల్చే కోరలు, ఎలుకకి అరిగేకొద్దీ పెరిగే ముందు పళ్లు పెట్టాడు. ఆవు ఫొటోలు మాత్రం రాకముందే పని మొదలెట్టేశాడు. ఆవంటే తెలియనిదా! పై చిగురుకి ముత్యాల్లాంటి పళ్లు పొదిగి, మెరుగుపెట్టి, మురిసిపోయాడు.

మర్నాడు గది తెరుస్తారనగా కూతురు వచ్చి చూసి నోరు నొక్కుకుంది.

"ఆవుకి పైన ముందు పళ్లుండవు నాన్నా!"

"లేకపోతే గడ్డెలా కొరుకుతుందే?"

"నాలుకతో చుట్టి లాగుతుంది. కింది పళ్లు పైనున్న గట్టి చిగురుకి అదిమి తెంపుతాయి. నమలడానికి వెనక దవడ పళ్లున్నాయిగా, అడ్డంగా రుబ్బడానికి."

భార్య వంటింట్లోంచే అందుకుంది. "ఆవు వచ్చి అడిగిందా ఏమిటండీ, సెట్టు కట్టమని?"

ఆయనకి నవ్వు రాలేదు. "అవి తీసేస్తే ఇంకేం మిగిలింది? బోసినోరు చూడ్డానికా జనం ఆగేది?" అన్నాడు. బతుకంతా బోసినోళ్లు నింపినవాడు, తన చేత్తో ఓ నోరు బోసి చెయ్యడమా! కాసేపు గొణిగి, పట్టకారు తీసుకుని పైన ముందు పళ్లన్నీ ఒక్కొక్కటే పీకాడు. ఆ చోట గులాబీరంగు చిగురు దిద్దాడు. గుమ్మం ముందు పెరిగిన గడ్డిపోచని కింది పళ్లకీ ఆ చిగురుకీ మధ్య నొక్కిపెట్టి లాగాడు. పుటుక్కున తెగింది. నమ్మలేక మళ్లీ లాగాడు.

మర్నాడు గది కిటకిటలాడింది. ఒకావిడ ఆవు దగ్గర ఆగింది.

"అయ్యో, పైపళ్లు పెట్టడం మర్చిపోయారు! ఎవరు చేశారో గానీ మహా మతిమరుపు మనిషి."

కూతురు గాభరాగా నాన్న మొహంలోకి చూసింది. ఆయన అప్పటికే జనాన్ని తోసుకుంటూ వెళ్తున్నాడు.

"మర్చిపోలేదండీ. పెట్టి మరీ పీకాను. ఇలా రండి, ఎందుకో చెబుతా" అన్నాడు.

ఆవిడ నోరు తెరుచుకుని వింది. ఇంకో నలుగురు చుట్టూ చేరారు. ఇక మూసేవేళ దాకా, మర్చిపోయారని ఎవరంటారా అని ఆయన ఆవు పక్కనే కాచుకుని నిలబడ్డాడు.