బాలనర్సింహ జేబులో ఫ్యూజు

ఉప్పుగూడ నుంచి మాదన్నపేట దాకా కరెంటు ఎవరికైనా భయపడిందంటే అది ఒక్క బాలనర్సింహకే. ముప్పై ఏళ్లుగా వైరింగు పని చేస్తున్నా, ఒక్క తీగ కూడా ఆయన్ని ముట్టుకునే సాహసం చేయలేదు.

అంతటి మనిషి యాభై రెండేళ్ల వయసులో శిక్షణ కేంద్రంలో బెంచీ ఎక్కి కూర్చున్నాడు. పాఠం చెప్పే స్రవ్యది ఆయన కూతురి వయసు. ఆయన పనిచేసే ఫంక్షన్ హాలు యజమాని, ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ లేనివాడు ఒకటో తారీఖు నుంచి బోర్డు దగ్గరికి రాకూడదని తేల్చేశాడు. పరీక్ష ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. మిగిలింది ఒక్కటే అవకాశం.

స్రవ్యకు తల పగిలిపోతోంది. మెట్ల దీపానికి కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు పెట్టమంటే, తక్కినవాళ్లు బొమ్మ గీసుకునేలోపే ఆయన బల్బు వెలిగిస్తాడు. కానీ మెయిన్ ఆపడు. టెస్టర్ పెట్టడు. వేలి వెనకవైపుతో తీగను తాకి చూస్తాడు. పరీక్షలో మొదటి అంశమే కరెంటు ఆపడం. అక్కడ సున్నా వస్తే మిగతావి చూడనే చూడరు.

"కాకా, మెయిన్ బంద్ జేసినవా?"

"బల్బు వెలిగిందా లేదా బిడ్డా?"

"నేను అడిగేదేంది, నువ్వు చెప్పేదేంది!"

"పెండ్లి నడుమ మెయిన్ బంద్ జేస్తే ఎంత లొల్లయితదో ఎరుకేనా? ఇన్నేండ్లు కరెంటున్న చాలూ లైన్ మీదనే చేసిన."

"మరి షాక్ కొట్టలేదా?"

"ఎందుకు కొట్టలే? పదకొండు సార్లు కొట్టింది. ఒక్కపారి నిచ్చెన మీదికెల్లి బిర్యానీ డేగ్‌ల వడ్డ. ఖాళీది, నసీబు మంచిగుంది."

మొదట్లో చెప్పిన గొప్పలు ఇక్కడితో కొట్టేసుకోండి.

స్రవ్య నుదురు కొట్టుకుంది. "రేపు పరీక్షల ముందుగాల ఫ్యూజు పీకు. జేబుల వెట్టుకో. పనయ్యేదాక ఎవ్వరడిగినా ఇయ్యకు. సమజయిందా?"

"ఆండాలు మీద ఒట్టు."

"పోయినసారి గూడ మీ ఇంటామె మీదనే ఒట్టు వెట్టినవ్!"

మర్నాడు మే నెల ఎండ మండిపోతోంది. పరీక్షకుడు వైకుంఠం కూలర్ ముందు కుర్చీ వేసుకున్నాడు. బాలనర్సింహ వరండాలోకి వెళ్లి వచ్చాడు. కూలర్ ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. పై అంతస్తులో కుట్టుమిషన్లు ఆగి, ఆడవాళ్లు మెట్ల మీదికి వచ్చారు.

"కాకా, మన బోర్డుకు చిన్న ఫ్యూజు ఉన్నది గదా! బిల్డింగ్‌ది పీకినవేంది?" స్రవ్య పళ్లు బిగబట్టి గుసగుసలాడింది.

"శక్ ఎందుకని, అనుమానం లేకుంట మొత్తమే పీకిన."

ఐదు నిమిషాల్లో పని ముగించే మనిషి ఆ రోజు ముప్పావుగంట తీసుకున్నాడు. ప్రతి తీగకూ టెస్టర్ పెట్టి, వైకుంఠానికి చూపించి మరీ ముట్టుకున్నాడు.

"అరే, ఫ్యూజు పెట్టవయ్యా! పానం పోతున్నది!"

"ఎవ్వరికీ ఇయ్యొద్దని మేడం చెప్పింది సార్."

చివరికి ఫ్యూజు పెట్టాడు. రెండు స్విచ్చులకూ బల్బు వెలిగింది. వైకుంఠం తడిసిన రుమాలుతో మెడ తుడుచుకుంటూ మార్కుల కాగితం రెండుసార్లు తిరగేశాడు. ఏ ఫ్యూజు పీకాలో అందులో ఎక్కడా రాసి లేదు. మొదటి అంశానికి పూర్తి మార్కులు వేసి సంతకం పెట్టాడు.

"పాసయినవ్ కాకా," అంది స్రవ్య.

"మంచిది బిడ్డా. మరి ఎల్లుండి పెండ్లి ఉన్నది. గాడ గూడ గిట్లనే హాలంతా బంద్ జేయాల్నా?"

ఆ మాటకు స్రవ్య పడీపడీ నవ్వింది.

జరిగింది జరిగినట్టే చెప్పాను గానీ, ఆ నవ్వు మాత్రం నేను అతికించిందే. ఆమె నవ్వలేదు. వైకుంఠం లేచిన కుర్చీలో కూలబడి, కూలర్‌ను తనవైపు తిప్పుకుని కళ్లు మూసుకుంది.