తీజ్‌కు ముందు గోడలు

అడవి సరిహద్దు ఊళ్లలో మలేరియా పని చూసిన అధికారుల్లో ఎవరి పని ఫలించింది, ఎవరిది ఫలించలేదు అన్నది ప్రమీలారాణి పరిశోధన. చదువు కోసమే మొదలుపెట్టింది. కానీ ఆ పనికి కొత్త అధికారిని ఎంచబోతున్న కమిటీ ఆమె నివేదిక పంపమంది. అప్పటినుంచి ఆమెకు రాత సాగడం లేదు.

మందు వేళకు కొట్టించారా అన్న ఆమె లెక్కలో అట్టడుగున ఉన్నది డాక్టర్ వెంకటనారాయణ. జూన్‌లో కొట్టించాల్సిన దోమల మందును ఆగస్టు చివరిదాకా ఆపాడాయన. ఏడాది తిరక్కుండానే బదిలీ చేశారు. కొత్తగూడెంలో కలిసినప్పుడు ఆమెను ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, తాను ఉక్కలోకి జరిగాడు.

"మీరు రాసింది సరేనమ్మా. అలాగే ఉంచండి."

"ఎందుకు ఆపారు సార్?"

"ఏన్కూరు దాటాక తండా ఉంది. అక్కడ సోమ్లి అని ఉంటుంది, ఆవిడని అడగండి. నేను చెబితే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టుంటుంది."

ప్రమీల వెళ్లేసరికి సోమ్లి ఎర్రమట్టి, పేడ కలిపి ఇంటి గోడ అలుకుతోంది. డాక్టరేట్ పని మీద వచ్చానని ప్రమీల చెప్పింది.

"ఏం డాక్టరువు బిడ్డా?"

"పుస్తకాల డాక్టర్ని అవ్వా. ఇంకా కాలేదు, అవుతా."

"గోలియ్యవు, సూదెయ్యవు. మల్ల గదేం డాక్టరు!"

పక్కింటి రూప్లి పకపకా నవ్వింది. ప్రమీలకూ నవ్వొచ్చింది. అంతలో గోడ మీది తెల్లటి మరకలు మట్టి కింద మాయమవుతుండటం కనబడింది.

"అవ్వా, అది దోమల మందు కదా?"

"అవ్. మొన్ననే కొట్టిపోయిండ్రు. తీజ్ పండగొస్తుంటే గోడలు గట్ల మచ్చలతోని ఉంచుకుంటమా?"

ఆమె మొదటి స్థానం ఇచ్చిన అధికారి ఏటా జూన్‌లోనే ఇల్లు వదలకుండా మందు కొట్టించాడు. ఏటా దాని మీద ఈ మట్టే పడి, మందు పనికిరాకుండా పోయింది.

"మరి వెంకటనారాయణ గారు?"

సోమ్లి చెయ్యి ఆగింది. "గా సారొక్కడే అడిగిండు, గోడలెప్పుడు అలుకుతరని. పండగకన్నం. అయితే పండగైనంకనే కొట్టిస్తనన్నడు. సరేనన్నం. గా యేడు మందు గోడల మీదనే ఉండె. మల్ల జ్వరాలు రాలే."

"మంచే జరిగింది కదా!"

సోమ్లి మట్టి కలపడానికి వంగింది. రూప్లి గొంతు తగ్గించి చెప్పింది. "ఈమె బిడ్డ బాలికి పండగకు ముంగటే జ్వరమొచ్చింది. ఇంకా మందు కొట్టలే. తీజ్‌కు గోధుమ మొలకల బుట్ట ఎత్తాల్సిన పిల్ల. సారే జీపుల ఏసుకపోయిండు. దవాఖానా దాంక పానం నిలవలే."

ఎటు చూడాలో తెలియక ప్రమీల తడిగోడ వైపు తిరిగింది. "ఆయన్ని మళ్లీ ఇక్కడికి పంపమని రాయాలనుంది అవ్వా. నువ్వొద్దంటే రాయను."

"నన్నెందుకడుగుతవ్? గా సారడిగితే సరేనన్నది మేమే." సోమ్లి ఇంత మట్టి తీసి గోడకు అద్దింది. మెత్తగా రుద్దింది. "రమ్మను. ఈసారి వానలకు ముందే అలుక్కుంటం. ఎంబడే మందు కొట్టమను, జల్దీ. పండగకు మచ్చలుంటే ఉండనీ."

ఇంకో మట్టిముద్ద తీసుకుంటూ అంది, "మా ఇంటికి మాత్రం ఆయన రావద్దు. వేరే మనిషిని పంపమను."

బస్సు వేళకు సోమ్లి తనే రోడ్డు మీదికొచ్చి, మట్టిచెయ్యి ఊపి బస్సు ఆపింది.

నివేదికలో ప్రమీల వెంకటనారాయణ పేరు పైకి తెచ్చింది. ఆ పక్కనే బాలి చావూ రాసింది. అది చూసి కమిటీ ఆయన్ని కాదనొచ్చు. అయినా ఆ మాట కొట్టెయ్యలేకపోయింది.

పంపేముందు కొత్తగూడెం వెళ్లి ఆయనకు చదివి వినిపించింది. సోమ్లి రమ్మన్నదని చెప్పింది. తన ఇంటికి మాత్రం రావద్దన్నదీ చెప్పింది.

ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, చేతిలోనే పట్టుకున్నాడు.

"సరేనమ్మా," అన్నాడు. "ఆ ఇంటికి వేరే మనిషిని పంపుతాను."