పిట్టకు పెట్టిన ముద్ద

సముద్రపక్షులను చూడాలని నడిసముద్రం దాకా వచ్చేవాళ్ళ పడవలో నా పని చేప ముక్కలు, చేపనూనె నీళ్ళలో చల్లడం. ఆ వాసనకు ఎక్కడెక్కడి పక్షులో వచ్చి వాలుతాయి. ఎంత పిలిచినా రానిది ముంబయిలో మా కామాటిపుర కాకి ఒక్కటే.

మొన్న, మా అమ్మ రత్నాబాయి పోయిన మూడోనాడు, ఆమెకు ఇష్టమైన వేయించిన బొంబిల్ చేపను అన్నంముద్దలో పెట్టి మేముండే చాల్ ఇళ్ళ వరస కప్పు మీద ఉంచాం. మధ్యాహ్నమైనా ఒక్క కాకీ దాన్ని ముట్టలేదు.

"అమ్మకు మనసుల ఏదో మిగిలిపోయిందిరా తుకారాం," అంది అక్క దర్శన. "పిట్ట ముట్టకుంటే ఎట్లరా?"

పిట్ట అంటే కాకే కావాలా అనుకున్నాను. ఈ ఉదయం అలాంటిదే ఇంకో ముద్ద చేసి డబ్బాలో తెచ్చుకున్నాను.

తీరం కనుమరుగయ్యాక దాన్ని పడవ వెనక నీళ్ళలోకి విసిరాను. తెల్లటి సీగల్ ఒకటి వెంటనే కిందికి దిగింది. నేను చేతులు జోడించాను. అది ముక్కు ఆనించబోతుండగా, వేరే పక్షుల నోటి తిండి లాక్కుని బతికే నల్ల స్కువా ఒకటి దాని మీద పడి తరిమేసింది. ముద్ద విడిపోయి మునిగిపోయింది.

పడవంతా చప్పట్లు. వాళ్ళు వచ్చింది ఆ స్కువా కోసమే. గైడ్ నా భుజం తట్టి, ఇందాక వేసినదానిలాంటిదే ఇంకోటి వెయ్యమని హిందీలో అడిగాడు.

"ఒక్కటే ఉండె, సాబ్," అన్నాను తెలుగులో.

అర్థం కాక, నవ్వి బొటనవేలు చూపించాడు.