మూడో భాగంలో తలుపు చప్పుడు

పదహారేళ్లుగా ఆమె ఆర్కెస్ట్రా చివరి వరసలో కూర్చుని, ముందువాళ్ల వీపులు చూస్తూ సెల్లో వాయిస్తోంది. సెల్లో అంటే ఏమిటని అడిగినవాళ్లకు "వయొలిన్‌కి పెద్దక్క, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయిస్తాం" అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. చచ్చేలోగా తన పేరుతో ఒక్క రికార్డు రావాలని ఆమె కోరిక. అందరూ వాయించేసినవే తనూ వాయిస్తే వినే నాథుడెవరని, కిందటి శతాబ్దంలో మరుగున పడ్డవాళ్ల కోసం వెతకగా వెతకగా ఒక స్వరకర్త దొరికాడు. బతికుండగా ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. పోయాక ఆ పని మరింత శ్రద్ధగా చేశారు.

సెల్లో కోసం ఆయన కట్టిన మూడు భాగాల రచన, సొనాటా అంటారు, అందులో మొదటి రెండు భాగాలకు చేతిరాత ప్రతి ఉంది. మూడో భాగానికి మిగిలింది ఒక్క టేపు, ఆయనే ఇంట్లో వాయించి రికార్డు చేసుకున్నది. ఆయన భార్య దాన్ని పెట్టె అడుగునుంచి తీసి ఇచ్చింది. "నేనెప్పుడూ వినలేదమ్మా, మిషను ఏనాడో పాడైపోయింది. మీరు వాయించాక వింటాను, బాగుంటే సంతకం పెడతాను" అంది. ఆ సంతకం లేనిదే రికార్డు బయటికి రాదు.

టేపు విని విని, స్వరం తర్వాత స్వరం కాగితం మీదకు ఎక్కించడానికి ఐదు నెలలు పట్టింది. అసలు చిక్కంతా మధ్యలో ఉంది. సంగీతం సాగుతుండగానే చెక్క మీద కొట్టిన చప్పుళ్లు: మూడు, కాస్త ఆగి మూడు, మరికాస్త ఆగి ఏడు. ఆ వెంటనే రెండు నిమిషాలపాటు గుండె పట్టేసే రాగం. ఆ రెండు నిమిషాల కోసమే ఆమె ఇంత పాటూ పడింది. చప్పుళ్లను కూడా ఒక్కటి పొల్లుపోకుండా రాసుకుని, సెల్లో పక్కచెక్క మీద అరచేత్తో కొట్టడం సాధన చేసింది. చెయ్యి బూరెలా వాచింది.

"నువ్వు కొన్నది సెల్లోనా, డోలా, మరదలా?" అన్నాడు స్టూడియో నడిపే బావ. అయినా ఆమె మీది అభిమానం కొద్దీ మైకు ఒకటి చప్పుళ్ల కోసమే పెట్టాడు. రికార్డు అట్ట లోపలికి వ్యాసం రాసిన ప్రొఫెసరుగారైతే ఆ పదమూడు దెబ్బల మీదే పేజీన్నర రాసి పడేశాడు. అది మృత్యువు పిలుపని తేల్చాడు.

అన్నీ అయ్యాక స్వరకర్త భార్యను, ఆ పెద్దావిడను, స్టూడియోకి పిలిచి కుర్చీ వేసి వినిపించారు. మొదటి రెండు భాగాలకూ ఆవిడ తల ఆడించింది. ఆమె ప్రాణం కుదుటపడింది. మూడో భాగంలో మొదటి మూడు చప్పుళ్లు వినగానే పెద్దావిడ తల ఆగింది.

"అది నేను" అంది.

"ఏదండీ?" అంది ఆమె.

"ఆ కొట్టేది. భోజనానికి రమ్మని తలుపు కొట్టేదాన్ని. మొదటి మూడూ మర్యాదకి. తర్వాత మూడూ మామూలుగా. ఆ ఏడూ కోపంతో."

బావ నవ్వు ఆపుకోలేక మీటలకేసి తిరిగి కూర్చున్నాడు. ఆమెకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఐదు నెలలు, వాచిన చెయ్యి, పేజీన్నర వ్యాసం, అన్నీ ఒకరి అన్నం పిలుపు కోసమా!

"తీసేస్తాం మామ్మగారూ, రెండు రోజుల పని" అంది.

"తియ్యడమెందుకు? కాకపోతే నువ్వు చుట్టపుచూపుగా వచ్చినట్టు కొడుతున్నావు. లే, నేను కొడతాను."

సంతకం ఆవిడ చేతిలో ఉంది కదా, కాదనే ధైర్యం ఎవరికుంది? మైకు గుమ్మం దగ్గరికి మార్చారు. పెద్దావిడ బయట నిలబడింది, తలుపు మూశారు. లోపల ఆమె వాయించడం మొదలెట్టింది. మూడు. మూడు. తర్వాత ఆ ఏడు దెబ్బలూ తలుపు విరిగేలా పడ్డాయి. టేపులో లేనిదేదో ఆ దెబ్బల్లో వినిపించింది. ఇక వేళ్లు ముందుకు కదలలేదు. కమాను పక్కన పెట్టి, లేచి వెళ్లి తలుపు తీసింది.

"ఈ రికార్డింగు పోయింది మరదలా" అన్నాడు బావ, స్పీకరులోంచి.

పెద్దావిడ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. "లేచావేం?"

"అలా పిలుస్తుంటే కూర్చోలేకపోయానండి. మళ్లీ వాయిస్తాను."

"వద్దు. ఇదే ఉంచండి, ఇక్కడితో ఆపేసి. అలాగైతేనే సంతకం."

"అసలైన రాగం తర్వాతే ఉంది మామ్మగారూ. ఆ రెండు నిమిషాలు..."

"నాకు తెలుసమ్మా. రోజూ వినేదాన్ని, తెరవని తలుపు బయట నిలబడి."

ఆమె లోపలికి వెళ్లి సంతకానికి కాగితమూ కలమూ తెచ్చి ఇచ్చింది.