వానకు చోటు వదలని మూత

తప్పులుంటే సర్దుకొని చదవండి. ముసలితనంలో అక్షరాలు దిద్దినదాన్ని, ఒత్తు పెట్టాల్సిన చోట నా చెయ్యి ఆగిపోతుంది. ఈ కాస్త రాయడానికే చాలా పొద్దులు పట్టాయి. ఇవి నా మాటలు కావు, మా ఇంట్లో ఉన్న పెట్టె మాటలు.

నేను ఒక వేపచెక్క పెట్టెను. సోమాచారి అనే వడ్రంగి నన్ను ఎండాకాలంలో చేశాడు. రంపంతో కోసి, చిత్రిక పట్టి, సన్న ఉలితో నా ఒళ్లంతా తీగలు, మొగ్గలు చెక్కాడు. అమ్మడానికి కాదు, భార్యకు ఇద్దామని. మూత గాడిలో జరిపితే తెరుచుకునేలా పెట్టాడు.

చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది. అందుకే మూత పక్కన సన్నని సందు ఉంచాలి. దాన్ని ఆయన "వానకు చోటు" అనేవాడు. నాకూ ఉంచాడు. అప్పుడు బామ్మర్ది నాగభూషణం వచ్చి కూర్చున్నాడు. అతనూ వడ్రంగే. మూత చూసి నవ్వాడు.

"బావా, ఈ సందులకెళ్లి చీమలు బారాత్ తీస్తయి."

"నీ పనిల ఏనుగులే పోతయి గదరా," అన్నాడు సోమాచారి.

అన్నాడే గాని, ఆ చీమల మాట లోపల గుచ్చుకుంది. బామ్మర్ది గడప దాటగానే ఆ మూత పారేసి కొత్తది కోశాడు. వెంట్రుక కూడా దూరనంత బిగువుగా కుదిర్చాడు. మనుషులు చెక్కకు చిత్రిక పడతారు. వాళ్లకు పట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

కొన్నాళ్లకు ఆయనకు గుండెజబ్బు వచ్చింది. నొప్పి లేస్తే నాలుక కింద పెట్టుకోమని డాక్టరు మాత్రలిచ్చి, వాటికి చెమ్మ తగలనివ్వొద్దన్నాడు.

"దీంట్ల పెట్టు. గాలి గూడ దూరది," అని ఆయనే నన్ను భార్య చేతికిచ్చాడు. నాకూ గర్వంగానే అనిపించింది.

ముసురు పట్టింది. గోడలు కూడా చెమర్చాయి. ఒక మధ్యాహ్నం ఆయన పని ఆపి, గోడకు ఆనుకుని కూర్చుని, "మాత్ర" అన్నాడు.

ఆమె మూత లాగింది. రాలేదు. కొంగుతో పట్టి లాగింది. గోరు విరిగింది గాని మూత కదల్లేదు. నేను ఉబ్బి ఉన్నాను. వదలాలని నాకూ ఉంది, కానీ చెక్క ఇష్టం ఎవరికి కావాలి? ఆమె చెక్కలు చెక్కే బాడిశ అందుకుంది. అది చూసి ఆయన నన్ను ఒడిలోకి లాక్కుని రెండు చేతులూ కప్పాడు.

"పగలగొట్టకే. అంచు మీద మెల్లగ తట్టు, వస్తది."

"చేతులు తియ్యి."

"మొగ్గలు పోతయే."

ఆయన చేతుల మీద బాడిశ వెయ్యలేక ఆమె అంచు మీద తట్టింది. "ఇటు... ఇంకొంచెం ఇటు," అని ఆయన చెబుతూనే ఉన్నాడు. తర్వాత చెప్పడం ఆగింది. చేతులు వాటంతటవే జారాయి.

అప్పుడు వేసింది ఆమె, ఒక్క దెబ్బ. మూత రెండుగా చీలింది. లోపల మాత్రలు పొడిగా ఉన్నాయి. ఒకటి తీసి ఆయన నాలుక కింద పెట్టింది. అది కరగలేదు.

వాళ్ల కులంలో పోయినవాళ్లను కూర్చోబెట్టి పూడుస్తారు. గుంత దగ్గరికి నాగభూషణం నన్ను తెచ్చాడు. కళ్లు తుడుచుకుంటూ, "బావ పానం పెట్టి చేసిండక్కా. ఒడిల పెడ్దాం," అన్నాడు.

"ఒకసారి పెట్టుకున్నడు. సాలు," అంది ఆమె.

నన్ను వెనక్కి తెచ్చారు. ఆమె నాలో మళ్లీ ఏమీ పెట్టలేదు.

రాసింది చొల్లేటి భ్రమరాంబ. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు మిర్యాలగూడలో, తమ్ముడు నాగభూషణం ఇంట్లో ఉంటున్నాను.